గేమ్ డిజైన్ మాస్టర్స్‌లో రోజులు ఎలా గడుస్తాయి? జీడితోట మీద లోన్ తీసుకుని వెళ్లొచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "మాది పలాస దగ్గర. టెక్కలిలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ ఆఖరి ఏడాది. గేములు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో రెండు చిన్న గేమ్స్ చేశాను. బొమ్మలు గీయడం రాదు. అమెరికాలో గేమ్ డిజైన్, ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీలో మాస్టర్స్ చేయాలని ఉంది. అక్కడ స్టూడెంట్ లైఫ్ ఎలా ఉంటుంది? కోడింగ్ ఒక్కటే వస్తే సరిపోతుందా? నాన్న జీడితోట మీద లోన్ పెడదామంటున్నారు. మళ్లీ ఆయనే 'ఆటలు సదవడానికి అంత దూరం ఎల్లాలేట్రా' అంటున్నారు. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది విజయనగరం. అమెరికాలో ఇలాంటి ప్రోగ్రామ్‌లోనే చదివి, కొన్నాళ్లు అక్కడే ఉద్యోగం చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో గేమ్ డిజైనర్‌గా ఉన్నాను. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు వాళ్లు పంపిన పోర్ట్‌ఫోలియోలు, అంటే వాళ్లు చేసిన పనుల నమూనాలు, చూసే పని కూడా నా మీదే పడుతుంది.

అందరూ ర్యాంకింగ్, ప్యాకేజీ అడుగుతారు. నువ్వు అక్కడ రోజులెలా గడుస్తాయని అడిగావు. అసలు అడగాల్సింది అదే. ఎందుకంటే ఈ చదువులో సిలబస్ కన్నా ఆ రోజువారీ బతుకే పెద్ద పాఠం. యూనిటీ, అన్‌రియల్ నేర్చుకోవడానికి అక్కడికి వెళ్లక్కర్లేదు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు కూడా. అవి టెక్కలి హాస్టల్లో యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చు, నువ్వు నేర్చుకున్నావు కూడా. నీ పని తెలియని నలుగురితో ఒక గదిలో కూర్చుని, గడువులోగా ఒక వస్తువు తయారుచేసి, దాన్ని ముక్కూముఖం తెలియని మనిషి చేతికిచ్చి, అతను తికమకపడుతుంటే నోరు మూసుకుని చూడటం అక్కడ అలవాటు చేస్తారు. అంత ఫీజు కట్టేది దాని కోసమే.

అన్ని ప్రోగ్రామ్‌లూ ఒకలా ఉండవు. పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల ఎంటర్‌టైన్‌మెంట్ టెక్నాలజీ సెంటర్ ఉంది, ఈటీసీ అంటారు. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ర్యాండీ పాష్, నాటకరంగం ప్రొఫెసర్ డాన్ మారినెలీ కలిసి 1998లో మొదలుపెట్టారు. రెండేళ్ల కోర్సు. ఒక పక్క కంప్యూటరు, ఇంకో పక్క నాటకం ఉన్న ఇల్లది, క్లాసులు కూడా అలాగే ఉంటాయి. ఓర్లాండోలో యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడా వాళ్ల 'ఫియా' ఇంకో రకం. ప్రోగ్రామర్, ఆర్టిస్ట్, ప్రొడ్యూసర్ అని చేరేటప్పుడే విడదీసి, 16 నెలలు స్టూడియోలో పనిచేయించినట్టే పనిచేయిస్తారు. డల్లాస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ గిల్డ్‌హాల్ కూడా దాదాపు ఆ దారే. న్యూయార్క్ యూనివర్సిటీ గేమ్ సెంటర్‌లో ఇచ్చేది ఎంఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ. అక్కడ ఆటను సినిమాలా, కవిత్వంలా ఒక కళగా చూసి మాట్లాడతారు. ఇక మన దేశంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది. దాని గురించి నువ్వు ఒక్క ముక్క కూడా అడగలేదు. దానికి మళ్లీ వస్తాను.

మొదటి సెమిస్టర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడే సగం మంది బెదిరిపోతారు.

ఈటీసీలో ర్యాండీ పాష్ పెట్టిన 'బిల్డింగ్ వర్చువల్ వరల్డ్స్' అనే కోర్సు ఈ తరహా చదువులకు ఒక నమూనా అయిపోయింది. వేరే వేరే బ్రాంచీలవాళ్లను కలిపి చిన్న టీములు చేస్తారు. రెండు వారాల్లో ఒక వర్చువల్ ప్రపంచం కట్టాలి. అది అయిపోగానే టీమ్ మారిపోతుంది, కొత్త మనుషులు, కొత్త ప్రపంచం. సెమిస్టర్‌కు ఇలా ఐదు. ఆయన పెట్టిన నియమాలు రెండు: కాల్చుకోవడాలు ఉండకూడదు, బూతు ఉండకూడదు. నవ్వులాటలా అనిపిస్తుంది కానీ, ఆ రెండూ తీసేస్తే చాలామంది కుర్రాళ్ల దగ్గర ఐడియాలే మిగలవని ఆయనకు తెలుసు. చివర్లో మంచివి ఎంచి పెద్ద షోలా వేస్తారు. ఒక్కో రౌండ్ అయ్యాక టీమ్‌లో వాళ్లు ఒకరికొకరు మార్కులేసుకుంటారు, 'ఇతనితో పనిచేయడం ఎంత తేలిక' అని. ఆ అంకెలు నీకు చూపిస్తారు. బీటెక్‌లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చినవాడు ఆ చార్ట్‌లో అడుగున ఉండటం మామూలే.

నేను చదివిన చోట కూడా మొదటి సెమిస్టర్ ఇదే పద్ధతి. ఒక రౌండ్‌లో మా టీమ్ మన విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం తీసుకుంది. దాన్ని చెబితే ఆ రెండు వారాల్లో ఏం జరుగుతుందో నీకు బాగా అర్థమవుతుంది.

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో ఏం జరుగుతుందో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పొడుగాటి చింతమాను, దాని కొన మీద పూజారి, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు. కళ్లకు కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషిని ఆ మాను కొన మీద కూర్చోబెడదాం అన్నది ఐడియా. ఐడియా వినిపించే పిచ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. అసలు పని మర్నాటి నుంచి మొదలైంది.

మొదటి చిక్కు వికారం. కళ్లకు మాను ఊగుతున్నట్టు కనిపిస్తుంది, చెవిలోపల తూకం చూసే భాగానికి మాత్రం ఒళ్లు కదలడం లేదని తెలుస్తుంది. ఆ రెండూ పొసగకపోతే రెండు నిమిషాల్లో కడుపు తిప్పుతుంది. మేం ఊపు బాగా తగ్గించాం, మనిషి ముందు మాను కొయ్యను కదలకుండా కనిపించేలా పెట్టాం. కళ్లకు పట్టుకోవడానికి ఒక నిలకడైన వస్తువుంటే తిప్పడం తగ్గుతుంది. రెండో చిక్కు జనం. హెడ్‌సెట్‌లో సెకనుకు 90 ఫ్రేములు కావాలంటే, ఒక్కో ఫ్రేము గీయడానికి 11 మిల్లీసెకన్లే ఉంటాయి. ఆ టైములో వేలమంది మనుషులను గీయించడం కుదరదు. దగ్గర ఉన్న కొద్దిమందికే పూర్తి త్రీడీ బొమ్మలు, తర్వాతి వరసలకు తక్కువ వివరాలున్నవి, మేడల మీద వాళ్లకు కేవలం అట్టముక్కలాంటి చదును బొమ్మలు. ఇది తేల్చింది ప్రోగ్రామర్ ఒక్కడే కాదు. ఎవరు దగ్గర కనిపించాలో, ఎవరు దూరంగా ఉంటే చాలో ఆర్టిస్ట్ చెప్పాలి, చీకటిపడే వేళ పెడదామా పట్టపగలా అన్నది అందరం కలిసి తేల్చాలి. సాయంకాలం పెట్టేసరికి సగం బరువు తగ్గింది, అందం కూడా పెరిగింది.

మూడో చిక్కే అసలైనది. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఎటు చూడాలో మనం చెప్పలేం. సినిమాలో కెమెరా మన చేతిలో ఉంటుంది, ఇక్కడ అతని మెడే కెమెరా. మేం కోటను చూపిద్దామనుకుంటే అతను కిందకు, ఎద్దులను చూస్తూ కూర్చున్నాడు. తెర మీద బాణం గుర్తు పెడదామని ఒకరన్నారు. అలా పెట్టడం ఓడిపోయినట్టే. చివరికి డప్పుల మోత కోట వైపు నుంచి పెరిగేలా సౌండ్ మార్చాం, కింద జనం అంతా ఒక్కసారి అటు తల తిప్పేలా చేశాం. వెయ్యి తలలు ఒకవైపు తిరిగితే మనిషి తల ఆగదు. మనం చెప్పకుండానే అతను తనంతట తాను చూశానని అనుకోవాలి. దీన్ని పరోక్షంగా నడిపించడం అంటారు. గేమ్ డిజైన్‌లో పుస్తకం చదివితే పట్టుబడని విద్య ఇది.

ఇంకొకటి. భక్తులు సిరిమాను మీదకు అరటిపళ్లు విసురుతారని, వాటిని పట్టుకోవడం ఆటగా పెట్టాం. డెమో రోజు హెడ్‌సెట్ పెట్టుకున్న అతిథికి విజయనగరం ఎక్కడుందో తెలియదు. జనం తన మీద కోపంతో విసురుతున్నారనుకుంది! రాత్రికి రాత్రి జనం మొహాల్లో నవ్వు పెట్టి, విసిరే ముందు దండం పెట్టేలా మార్చాం. మనకు పుట్టుకతో తెలిసిన అర్థం అవతలివాళ్లకు తెలియదు. ఆ సంగతి ఒక్కసారి చూశాక మనం చేసే ప్రతి బటన్ మీదా అనుమానం వస్తుంది. రావాలి.

ఇంప్రోవ్ క్లాసు గురించి చెబితే మనవాళ్లు నవ్వుతారు. ఈటీసీలో మొదటి సెమిస్టర్లో అప్పటికప్పుడు నటించడం అందరికీ ఒక క్లాసు, కోడ్ రాసేవాళ్లకు కూడా. ఎదుటివాడు ఏమన్నా 'కాదు' అనకూడదు, ఒప్పుకుని దానికి ఇంకోటి కలపాలి. జముకుల కథలో పక్కన వంత పాడేవాళ్లు కథకుడి మాట అందుకుని ముందుకు తోస్తారే, అచ్చం అదే. మొదటి వారం సిగ్గుతో చచ్చిపోతావు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లూ వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నవాళ్లకు ఇది మరీ కష్టం. కానీ ఆ అలవాటు రాత్రి పదకొండింటికి టీమ్ మీటింగ్‌లో అక్కరకొస్తుంది. ఒకరు చెప్పిన పిచ్చి ఐడియాను వెంటనే చంపేయకుండా ఐదు నిమిషాలు బతకనిస్తే, అందులోంచి పనికొచ్చేది ఒకటి బయటపడుతుంది.

రెండో సెమిస్టర్ నుంచి లెక్చర్లు బాగా తగ్గిపోతాయి. సెమిస్టర్ అంతా ఒకే ప్రాజెక్టు, నలుగురైదుగురు టీమ్, సలహాకు ఒకరిద్దరు ప్రొఫెసర్లు, చాలాసార్లు బయటి క్లయింట్. మ్యూజియం కావచ్చు, ఆస్పత్రి కావచ్చు, కంపెనీ కావచ్చు. ఉద్యోగంలా పొద్దున వెళ్లాలి, టీమ్‌కు ఒక గది ఉంటుంది, గోడ నిండా రంగు చీటీలు. పావు సెమిస్టర్‌కు, సగానికి అందరి ముందూ నిలబడి ఎక్కడిదాకా వచ్చామో చెప్పాలి. ముగింపుకు ముందు సాఫ్ట్ ఓపెనింగ్ అని ఒక రోజుంటుంది, అప్పటికి వస్తువు పనిచేసి తీరాలి. ప్రొఫెసర్లు వచ్చి నిజంగా ఆడి చూస్తారు.

క్లయింట్ తనకేం కావాలో చెప్పలేడు. 'పిల్లలకు నచ్చేలా, నేర్చుకునేలా' అంటాడు. అంతే. దాన్నుంచి పదిహేను వారాల్లో పూర్తయ్యే వస్తువును చెక్కడం మీ పని. ఇక్కడ ఎక్కువ టీములు పోయేది కోడ్ రాక కాదు, కోసుకోవడం రాక. పది లెవెళ్లు అనుకుంటారు, ఆరో వారానికి రెండు కూడా సరిగా ఉండవు. మిగతా ఎనిమిది తీసేద్దాం అనడానికి ఎవరికీ నోరు రాదు, ముఖ్యంగా వాటి మీద రాత్రులు గడిపిన ఆర్టిస్ట్ ముందు. నా మటుకు నేను, కొత్తవాళ్ల ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది ఇదే: ఏం తీసేశారు, ఎందుకు తీసేశారు, తీసేశాక ఎవరు బాధపడ్డారు? చెప్పగలిగినవాడు నిజంగా పనిచేసినవాడు.

విమర్శ గురించి కూడా ఒక మాట. అక్కడ పని గురించి మొహం మీదే చెబుతారు, మర్నాడు నవ్వుతూ కాఫీకి పిలుస్తారు. మనం ఒక్క మాట అంటే వారం మాట్లాడం. ఇంకో జబ్బు కూడా ఉంది మనకు: అర్థం కాకపోయినా తల ఊపేయడం. మొదటి నెలలోనే 'నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అనడం అలవాటు చేసుకో. మన ఇంగ్లిష్ యాస గురించి ఎవరూ పట్టించుకోరు. మాట్లాడకపోతే మాత్రం పట్టించుకుంటారు.

ఇక మామూలు బతుకు: చలి, బట్టలుతుక్కోవడం, రూమ్‌మేట్‌తో అంట్ల గొడవ. ఇవన్నీ ఎంఎస్‌కు వెళ్లిన ఏ అన్నియ్యనడిగినా చెబుతాడు. ఈ చదువుకు ప్రత్యేకమైనవి రెండు. మామూలు కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌లో క్లాసులో సగం మంది మనవాళ్లే ఉంటారు, వంట, నోట్సు, ఏడుపు అన్నీ కలిసే. ఇక్కడ బ్యాచే చిన్నది, తెలుగువాడివి నువ్వొక్కడివే కావచ్చు. ఒంటరితనం ఎక్కువ. రెండోది, పార్ట్‌టైమ్ పనికి టైము దొరకదు. వీసా రూల్ ప్రకారం సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు. కానీ నలుగురి టీమ్‌లో నువ్వు సాయంత్రం లైబ్రరీ కౌంటర్‌లో కూర్చుంటే ముగ్గురే మిగులుతారు. ఖర్చులు పార్ట్‌టైమ్‌తో వెళ్లదీసుకుంటా అని మీ నాన్నకు మాటివ్వకు.

బొమ్మలు రావు, కోడింగే వచ్చు అన్నావు. ఇబ్బంది లేదు. ఈ టీముల్లో అన్నీ కొంచెం కొంచెం వచ్చినవాడి కన్నా ఒకటి గట్టిగా వచ్చినవాడికే విలువ. ప్రోగ్రామర్‌గా వెళ్తే సీషార్ప్‌తో పాటు సీ ప్లస్ ప్లస్, వెక్టార్లు, మ్యాట్రిక్సులు చేతికి ఆడాలి, షేడర్ (తెర మీద వెలుగు, రంగు ఎలా పడాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్) ఒకటైనా నువ్వే రాసి ఉండాలి. ఇంకొకటి మన కాలేజీల్లో అసలు చెప్పరు, ఫైళ్లు పంచుకునే పద్ధతి. కోడ్ మార్పులు దాచే గిట్‌లో ఇద్దరు ఒకే కోడ్ ఫైల్ మారిస్తే కలపొచ్చు. ఇద్దరు ఒకే త్రీడీ మోడల్ మారిస్తే కలపడం కుదరదు, ఒకరి పని పోతుంది. అందుకే స్టూడియోల్లో చాలాచోట్ల పర్‌ఫోర్స్ వాడతారు, ఒకరు ఫైల్ తీసుకుంటే ఇంకొకరికి తాళం పడుతుంది. ఆర్టిస్ట్ పని పోగొట్టని ప్రోగ్రామర్ అని పేరు తెచ్చుకుంటే ప్రతి టీమూ నిన్నే పిలుస్తుంది.

డిజైన్ నేర్చుకోవాలనుంటే అమెరికా దాకా ఆగక్కర్లేదు. ఇంట్లో పులి-మేక పటం గీయి. 3 పులులు, 15 మేకలు. మేకలన్నీ పటం మీదకు దిగేదాకా దిగిన మేక కదలకూడదు, పులులు మాత్రం ఆలోపే కదులుతాయి, దూకి చంపుతాయి. ఇప్పుడు ఒక్క రూలు మార్చు. పులులు రెండే పెట్టు. లేదా మేకలను 12కు తగ్గించు. పక్కింటి పిల్లలతో ఆడించి, ఎవరు గెలుస్తున్నారో, ఏ ఎత్తు దగ్గర ఆట చప్పబడిందో రాసుకో. రెండు పక్షాలకూ బలం వేరు, పని వేరు, అయినా ఆట ఎందుకు రసవత్తరంగా ఉంటుందన్నది నీ చేతికే తెలుస్తుంది. కంప్యూటర్ లేకుండా చేసిన ఈ పని రెండు పేజీల్లో రాసి పోర్ట్‌ఫోలియోలో పెడితే, నేనైతే అందరూ చేసే పరుగు గేమ్ కన్నా ముందు దాన్నే చదువుతా.

అంతకన్నా మంచిది మీ ఊళ్లోనే ఉంది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పప్పును కంటితో చూసి వేరుచేస్తారు కదా. గుండ్లు, బద్దలు, ముక్కలు, మాడినవి. గుండ్లలో మళ్లీ సైజులు. డబ్ల్యూ 240 అంటే పౌండుకు దాదాపు 240 పప్పులు, డబ్ల్యూ 320 అంటే అంతకన్నా చిన్నవి. చెయ్యి ఎంత వేగంగా ఆడుతుందో, కన్ను ఎక్కడ పడుతుందో చూసి దాని మీద మూడు నిమిషాల ఆట చేయి. చేశాక ఆ పని చేసే ఒక పిన్నికో అత్తకో ఫోనిచ్చి ఆడమను. నువ్వు పక్కన కూర్చో, ఒక్క ముక్క చెప్పకు. ఎక్కడ ఆగిందో, ఏది నొక్కబోయి ఏది నొక్కిందో రాసుకో. అయ్యాక 'బాగుందా' అని అడగకు, బాగుందనే అంటుంది, మనోళ్లు మర్యాదస్తులు. 'ఇప్పుడు ఏం జరిగిందనుకున్నావు?' అని అడుగు. 'మాడిన పప్పు ఇలగుండదురా' అని ఆమె అంటే నీకు ఫీజు లేకుండా ఒక క్లాసు అయినట్టే. మీ నాన్నకు కూడా ఇదే చూపించు. మ్యూజియాలు, డాక్టర్లకు ఆపరేషన్ ట్రైనింగ్, థీమ్ పార్కులు అని నువ్వెంత చెప్పినా ఆయనకు ఎక్కదు. తన తోటలో కాసిన పప్పు తెర మీద కదులుతుంటే కనీసం కూర్చుని చూస్తాడు.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతా.

పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల్లో ఒక్క ట్యూషనే ఏడాదికి 50 వేల డాలర్లు దాటుతుంది. ఇల్లు, తిండి, ఇన్సూరెన్స్ దాని మీద. గేమ్ కంపెనీలు 2023, 2024లో ప్రపంచమంతా వేలమందిని తీసేశాయి. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు నువ్వు అడిగే ఉద్యోగానికే అప్లై చేస్తున్నారు. డిగ్రీ అయ్యాక ఓపీటీ అనే అనుమతి మీద 12 నెలలు పనిచేయొచ్చు, అందులో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కిందకు వస్తేనే ఇంకో 24 నెలలు పొడిగింపు. గేమ్ డిగ్రీలన్నీ స్టెమ్ కావు, ముఖ్యంగా ఎంఎఫ్‌ఏలు. పేరు చూసి మోసపోకు, ఆ డిగ్రీకి ఏ సీఐపీ కోడ్ (అది ఏ రకం చదువో చెప్పే ప్రభుత్వ నంబరు) ఉందో అడ్మిషన్ వాళ్లకు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకో. పైగా 2025 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అది ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్న వివరాలు వెళ్లే ముందు మళ్లీ చూసుకోవాలి. కానీ చిన్న స్టూడియో ఒకటి నీ కోసం వీసా తలనొప్పి పెట్టుకుంటుందన్న ఆశ మీద మాత్రం అప్పు చేయకు.

అందుకే, జీడితోట తాకట్టు పెట్టి ఈ ఏడాదే వెళ్లడానికి నేను ఒప్పుకోను. తోట ఉద్దానంలో ఉంటే మరీను. 2018లో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఎన్ని జీడిచెట్లను పడగొట్టిందో మీ ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. ఆదాయమే నమ్మకం లేని చోట, ఉద్యోగమే నమ్మకం లేని చదువుకు అదే భూమిని పూచీ పెట్టడం నాకు మింగుడుపడదు. ఎక్కువ భాగం స్కాలర్‌షిప్ వస్తే, లేదా తోట జోలికి పోకుండా తీర్చగలిగేంత లోన్ అయితే అప్పుడు వేరే మాట.

నేనైతే ఏం చేయమంటానంటే, ఒకటి రెండేళ్లు పనిచేయి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో ఉంది, చిన్న స్టూడియోలు కూడా ఉన్నాయి. టెస్టింగ్‌లో దొరికినా చేరు. బగ్ ఎలా రాయాలో తెలిసిన ప్రోగ్రామర్లు తక్కువ. ఏటా జనవరి చివర్లో గ్లోబల్ గేమ్ జామ్, అంటే టీములుగా కూడి కొద్ది రోజుల్లోనే ఒక గేమ్ చేసే కార్యక్రమం, జరుగుతుంది, 2009 నుంచి నడుస్తోంది. దగ్గర్లో సెంటర్ లేకపోతే మీ కాలేజీలోనే పెట్టమని మీ హెచ్‌ఓడీ గారిని అడుగు. ల్యాబ్ తాళాలు, రాత్రి కరెంటు, నలుగురు కుర్రాళ్లు ఉంటే చాలు. ఒక్క ప్రోగ్రామర్లనే పోగెయ్యకు. బొమ్మలు గీసేవాళ్లు ఒకరు, డోలక్ వాయించేవాడైనా సరే సౌండ్‌కు ఒకరు ఉండాలి. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్‌కు ఒకసారి వెళ్లి నీ గేమ్ తెలియనివాళ్ల చేత ఆడించు.

ఆ లోపే బెంగళూరు ఎన్ఐడీకి రాయి. డాట్ అనే దాని ప్రవేశ పరీక్షలో గీయమంటారు కానీ గీత అందంగా ఉండాలని కాదు, ఆలోచన కాగితం మీద కనిపించాలని. మూడు నెలలు రోజూ పొద్దున బస్టాండులో కూర్చుని ఎదురుగా కనిపించినది గీస్తే గట్టెక్కేంత వస్తుంది. అమెరికా ఫీజుతో పోలిస్తే అది చాలా తక్కువ, చేసే పనీ చాలావరకు ఇలాంటిదే. నాకు తెలిసిన మంచి డిజైనర్లలో అక్కడి నుంచి వచ్చినవాళ్లున్నారు. అమెరికా చదువుకే గౌరవం ఎక్కువని మన జిల్లాల్లో పెళ్లి సంబంధాలవాళ్లు అనుకుంటారేమో గానీ, స్టూడియోలో టీమ్ లీడ్ అనుకోడు.

అప్పటికీ అమెరికాయే అనిపిస్తే అప్లికేషన్ల గడువు మామూలుగా డిసెంబర్, జనవరిల్లో ఉంటుంది, ఆగస్టు నుంచే కూర్చో. ఎస్‌ఓపీని, అంటే ఈ చదువు ఎందుకు కావాలో చెబుతూ రాసే వ్యాసాన్ని, 'చిన్నప్పటి నుంచి నాకు వీడియో గేమ్స్ అంటే ప్రాణం' అని మొదలుపెట్టకు, అందరూ అలాగే రాస్తారు. ఏ ఆటలో ఏ రూలు మార్చావో, మార్చాక ఆడినవాళ్లు ఏం చేశారో రాయి. పోర్ట్‌ఫోలియో వీడియో రెండు నిమిషాలు మించకుండా, బాగున్నది మొదటే పెట్టు, చూసేవాళ్లు మొదటి ఇరవై సెకన్లలోనే ఒక నిర్ణయానికి వస్తారు. టీమ్‌తో చేసినదైతే అందులో నీ పని ఏదో, మిగతావాళ్లది ఏదో పేర్లతో సహా రాయాలి, ఇది మాత్రం మర్చిపోకు. రికమండేషన్ లెటర్ హెచ్‌ఓడీ గారిదొకటి ఎలాగూ ఉంటుంది. రెండోది నీతో కలిసి పనిచేసిన లీడ్ చేత రాయించు, 'క్రమశిక్షణ గల విద్యార్థి' అనే లెటర్ల కట్టలో అదొక్కటే వేరుగా కనిపిస్తుంది.